పిల్లిని గీసినా పులి కళ్లే

మా క్యాంపు మెస్ తలుపు వెనకాల ఒక ప్లైవుడ్ ముక్క ఆనించి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో చిన్నపిల్లవాడు గీసిన బొమ్మ అనుకుని ప్లేటు పట్టుకుని ముందుకు పోతారు. రెండోసారి చూసినవాళ్లు మాత్రం అక్కడే ఆగిపోతారు. చేతిలో ఖుబ్జు చల్లారిపోతున్నా కదలరు.

ఎర్రటి నేల మీద నల్లటి గీతలు. పైనుంచి కిందికి ఐదు వరసలు. మొదటి వరసలో తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూముల ముందు లైను. రెండో వరసలో కంపెనీ బస్సు, కిటికీకొక నిద్రమొహం. మూడో వరసలో సైటు. నాలుగో వరసలో మధ్యాహ్నం ఎండకు పని ఆపి నీడలో పడుకున్న మనుషులు. ఐదో వరసలో మంచాల మీద మంచాలు, ఒక్కో మంచం మీద ఫోను చెవికి ఆనించుకున్న ఒక్కో మనిషి. బొమ్మ చుట్టూ చీర అంచులాంటి పూల వరస. ఇందులో వంటమనిషి సైటులో క్రేను కన్నా పెద్దగా ఉంటాడు. అదేమిటని అడిగితే గీసినాయన చెప్పిన జవాబు: "ఆకలైనోనికి ఎవలు పెద్దగ కనవడతరు తమ్మీ?"

ఆయన పేరు రాయొద్దన్నాడు. "పేరు రాస్తె ఇగ రోజుకొకలు ఫోటో పట్టుకొని వస్తరు, మా ఇంటిదాని బొమ్మ గియ్యుమని. నాకు ముక్కు మొఖం సక్కగ రాదాయె" అని నవ్వాడు. కాబట్టి అన్న అనే రాస్తాను. దోహా సనయ్యలో ఉండే షట్టరింగ్ కార్పెంటర్ అన్న. ఊరు సిరిసిల్ల పక్కన. గల్ఫుకు వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. బొమ్మలు నేర్చుకున్నది ఎక్కడా లేదు. ఏడో తరగతితో బడి మానేసి సాంచాల మీద పనికి పోయినవాడు.

ఆయన సామాను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చెక్క మీద కొలతలు గీసుకునే బల్లపరుపు పెన్సిలు ఒకటి. దాన్ని కట్టర్‌తో చెక్కి, పక్కకు తిప్పితే లావు గీత, నిలబెడితే సన్న గీత వచ్చేట్టు పట్టుకుంటాడు. పలక మీద గీత కొట్టే దారానికి అద్దే ఎర్రపొడి ఉంటుంది కదా, అది ఫెవికాల్‌లో కలిపితే ఆయన ఎర్ర రంగు. పసుపు మెస్‌లోంచి వస్తుంది. గోధుమ రంగుకు చాయ్ డికాక్షన్. కాగితం బదులు కార్టన్ అట్టలు, పారేసే ప్లైవుడ్ ముక్కలు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పది నుంచి మూడున్నర దాకా బయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన 2021 నుంచి ఉంది. మనలో చాలామంది ఆ గంటల్లో నిద్రపోతాం. అన్న బొమ్మలన్నీ ఆ గంటల్లోనివే.

ఇదంతా రాయడానికి కారణం, మధ్యలో నాలుగు నెలలు ఆయన పెన్సిలు పట్టలేదు.

జరిగింది ఇది. కంపెనీలో సేఫ్టీ వారం పెట్టి బొమ్మల పోటీ అన్నారు. అందరూ బలవంతపెడితే, పైన చెప్పిన ఐదు వరసల బొమ్మ అన్న ఆ పోటీకి ఇచ్చాడు. చూడ్డానికి గుంపులు గుంపులుగా వచ్చారు. నేపాలీలు, బెంగాలీలు కూడా వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకున్నారు. బహుమతి రాలేదు, అది పెద్ద విషయం కాదు. బొమ్మలు చూసి మార్కులు వేసిన చదువుకున్నాయన ఒకరు అందరి ముందు అన్నమాట ఆయనకు గుచ్చుకుంది. దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా గీయాలన్న సంగతి కూడా తెలియదు, ఇది చిన్నపిల్లల గీత, పెద్దవాడివై ఉండి ఇదేమిటి అన్నాడట. అన్న ఆ రాత్రి నుంచి ఫోనులో బొమ్మల పాఠాలు చూడడం మొదలుపెట్టాడు. అట్ట మధ్యలో ఒక చుక్క పెట్టి, రోడ్డు, కరెంటు స్తంభాలు అన్నీ ఆ చుక్కలోకి పోయేట్టు గీశాడు. గీత సరిగ్గానే వచ్చింది, షట్టరింగ్ చేసే చేయి కదా. కానీ అందులో మనిషిని పెట్టబోతే చేయి ఆగిపోయిందట. "రోడ్డు నాది గాదనిపిచ్చింది" అన్నాడు. ఆ తర్వాత పెన్సిలు సైటు పనికే పరిమితమైంది.

ఒక శుక్రవారం బట్టలు ఆరేసి వచ్చాక ఇద్దరం మంచాల మధ్య కింద కూర్చున్నాం. పాత అట్టలన్నీ ముందు పరిచి, ఈ గీత నీకు ఎక్కడినుంచి వచ్చింది అని ఒక్కొక్కటీ అడిగాను. మొదట్లో "ఏమో, చేతికొచ్చింది" అన్నాడు. చాయ్ రెండోసారి పెట్టేసరికి మాట దొరికింది.

ఐదు వరసల సంగతి మొదట తేలింది. అన్నవాళ్లు పద్మశాలీలు. ఆయనకు ఏడెనిమిదేళ్లప్పుడు వాళ్ల వాడకు కూనపులి వాళ్లు వచ్చి మార్కండేయ పురాణం పటం కథ చెప్పారు. మన వైపు పాఠకుల్లో నడివయసు దాటినవాళ్లకు పటం కథ గుర్తుండాలి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే వాళ్లు వేరే. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. ఆ పటాలు గీసేది నకాషీ చిత్రకారులు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన చేర్యాల వాళ్లకు పేరు. చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజి కలిపి నూలుబట్టకు పూతలు పూతలుగా పట్టిస్తారు. అది ఆరి గట్టిపడ్డాక బొమ్మ. వెనక ఎరుపు, మనుషులకు పెద్ద పెద్ద కళ్లు, ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య పూల అంచు. మూడడుగుల వెడల్పుతో గదులు గదులుగా గజాల కొద్దీ సాగే బట్టను చుట్టగా చుట్టి తెచ్చి, కర్రలకు వేలాడదీసి, కథ ముందుకు పోయినకొద్దీ వరస వెంట వరస విప్పుతూ కర్రతో చూపిస్తారు.

"మాకు టీవీ లేదు. సీన్మకు పోతె బాపు తంతుండె. పెట్రమాక్సు ఎలుగుల ఆ ఎర్రబట్ట ఇప్పంగనె నాకు గుండె దడదడ కొట్టుకునేది. కింది గదిల ఏమున్నదో అని మెడ వంచి సూస్తుంటి" అన్నాడు అన్న. ఆ పటంలో పద్మశాలీల మూలపురుషుడు భావనా రుషి పులి మీద కూర్చుని వస్తాడు. ఆ పులి కళ్లు ఈయనను వదల్లేదు. మా క్యాంపులో తిరిగే పిల్లిని ఒకసారి గీశాడు. అందరూ పులి అనుకున్నారు. పిల్లిని గీసినా అవే కళ్లు, బక్కచిక్కిన ఫోర్‌మన్‌ను గీసినా అవే కళ్లు.

పటం విప్పి చూపించేవాడికి దూరం, దగ్గర అనే బాధ ఉండదు. కథలో ముఖ్యుడు పెద్దగా ఉంటాడు, పక్కవాడు చిన్నగా ఉంటాడు. ముందు జరిగింది పై వరసలో, తర్వాత జరిగింది కింది వరసలో. వంటమనిషి క్రేను కన్నా పెద్దగా ఉండడం అక్కడి లెక్క ప్రకారం తప్పే కాదు.

గీత సంగతి దీనికన్నా ముందుది. అన్న మనిషిని గీయాలంటే కాలి మడమ దగ్గర మొదలుపెడతాడు. అక్కడినుంచి పిక్క, నడుము, వీపు, తల చుట్టూ తిరిగి, ముందువైపు దిగి మళ్లీ మడమ దగ్గరికే వస్తాడు. పెన్సిలు ఎత్తడు. ఎత్తితే బొమ్మ పాడైందన్నట్టు ముఖం పెడతాడు. ఇట్లా ఎందుకని అడిగితే చాలాసేపు ఆలోచించి, "అవ్వ ముగ్గు" అన్నాడు. వాళ్లవ్వ బీడీలు చుట్టేది. తెల్లారేసరికి వాకిలి చల్లి, చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ ఒక్క గీతతో ముగ్గు ముగించేది. మొదలుపెట్టిన చోటికే గీత వచ్చి కలవాలి. కలవకపోతే ఆ రోజు బీడీల ఖార్ఖానాలో కట్టలు తీసిపారేస్తారని ఆమె నమ్మకం. పక్కన కూర్చుని పిండి గిన్నె పట్టుకోవడం ఈయన పని. గీత ఎక్కడ కలుస్తుందా అని చూసిన ఆ కన్ను ఇప్పటికీ అదే వెతుకుతోంది.

సన్నసన్న గీతలతో నీడలు వేయడం మాత్రం చందమామ నుంచి వచ్చింది. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు గానీ, మన తరం చూపుకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. అన్నవాళ్ల ఊళ్లో మంగలి షాపులో అట్టలు చిరిగిన పాత సంచికలు ఉండేవట. కటింగు అయిపోయినా లేవకుండా కూర్చునేవాడు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడు గుర్తున్నాడా? ఆ బొమ్మ వేసిన శంకర్ తమిళుడు, 1924లో పుట్టి 2020లో పోయాడు. ఆయన బొమ్మలో చీకటంటే నల్లరంగు పులమడం కాదు, పక్కపక్కన వేసిన సన్న గీతలే. అన్న గీసిన పగటి నిద్ర వరసలో నీడ చూడండి, అదే పద్ధతి. ఎండ ఎక్కడ ఉందో చెప్పకుండానే ఎండ తెలుస్తుంది.

ఇంకొకటి నా ఊహ. అన్న నలభైమందిని గీస్తే నలభైమందీ ఒకే అచ్చులో ఉంటారు. పన్నెండేళ్లకే సాంచాల చప్పుడు మధ్య నిలబడినవాడు, ఒకే గజం బట్ట మళ్లీ మళ్లీ వస్తుంటే చూసినవాడు, అందుకే ఇట్లా గీస్తున్నాడా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అదేం గాదు, అందరికి ఒక్కటే కవరాల్ ఇచ్చిన్రు గద, ఇగ ఏరే ఎట్లుంటరు?" అన్నాడు. ఇద్దరిలో ఎవరు రైటో పాఠకులే చెప్పాలి.

చిన్నపిల్లల బొమ్మలు ఎప్పుడైనా గమనించారా? వాళ్లు కంటికి కనిపించింది గీయరు, తమకు తెలిసింది గీస్తారు. బల్లకు నాలుగు కాళ్లని తెలుసు గనుక నాలుగూ గీస్తారు, పక్కనుంచి చూస్తే రెండే కనిపించినా సరే. అమ్మను ఇంటికన్నా పెద్దగా గీస్తారు. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి చాలామందికి తాము గీసింది నిజంలాగా లేదని సిగ్గు పుట్టి, గీయడమే మానేస్తారు. కొందరికి బడిలో డ్రాయింగు సారు స్కేలు పెట్టి సరిచేస్తాడు. అన్న ఈ రెండింటికీ దొరకలేదు. బడి మానేసినా గీత మానలేదు. సరిచేసేవాళ్లు లేరు. అందుకే ఏడెనిమిదేళ్ల వయసులో కంట్లో పడ్డది పడ్డట్టే చేతిలో ఉండిపోయింది.

పెద్ద పెద్ద చదువులు చదివిన చిత్రకారులు ఇదే చోటికి ఎంత తిరిగి వచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు. హైదరాబాదులో, బరోడాలో బొమ్మలు చదువుకున్నాడు. ఆఖరికి ప్రపంచమంతా పేరు తెచ్చింది ఊళ్లో చిన్నప్పుడు చూసిన ఆడవాళ్లే. పెద్ద బొట్టు, మెరిసే నల్లటి ఒళ్లు, ముదురు ఎరుపు చీర. ఊరికి వచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లు చిన్నతనంలో తన మీద వేసిన ముద్ర గురించి ఆయనే చెప్పుకున్నాడు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య బోనాలు, బతుకమ్మలు గీస్తూ నకాషీ గీతనే తన గీత చేసుకున్నాడు.

దోహాలో ఉన్న మనకు ఇంకా దగ్గరి మనిషి ఎం.ఎఫ్. హుస్సేన్. 1915లో పండరీపురంలో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి బతికినవాడు. కేసులు, బెదిరింపుల మధ్య 2006లో దేశం విడిచాడు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు, 2011లో లండన్‌లో చనిపోయాడు. హైదరాబాదు అంటే ఆయనకు ప్రాణం. లోహియా మాట మీద, బద్రీవిశాల్ పిత్తి ఆదరంతో అక్కడే రామాయణం బొమ్మలు వేశాడు. ఆయన బొమ్మల్లో లాంతరు మళ్లీ మళ్లీ వస్తుంది, ఆయన తాత లాంతర్ల పని చేసేవాడు. పసితనంలోనే తల్లి పోయింది, ఆమె ముఖం గుర్తులేదు. మదర్ థెరిసాను గీసినప్పుడు నీలి అంచు తెల్లచీర గీశాడు, ముఖం గీయలేదు. తల్లి ముఖం తెలియని బాధే అందులో ఉందని ఆయన చెప్పుకున్నాడు. ఆయన పేరుతో 2025 నవంబరులో ఎడ్యుకేషన్ సిటీలో మ్యూజియం తెరిచారు. పోదామని మేమిద్దరం మూడు శుక్రవారాలు అనుకున్నాం, మూడూ బట్టలు ఉతకడానికే సరిపోయాయి.

ఇదంతా చెప్పి, చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడో తిరిగి నీ దగ్గరికే వచ్చారన్నా, నువ్వేమో అక్కడినుంచి కదలనే లేదు అన్నాను. ఆయన పెద్దగా పొంగిపోలేదు. "వాళ్లకు సక్కగ గీసుడు గూడ ఎర్క, తమ్మీ. ఎర్కుండి ఇడ్సిపెట్టిన్రు. నాకు ఎర్కనే లేదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. రానిదంతా శైలి అనడం కూడా అబద్ధమే. అన్నకు చేతులు రావు. వేళ్లు గీయాల్సిన చోటల్లా మనుషుల చేతులు జేబుల్లోనో, తట్ట కిందో దాచేస్తాడు. అది చిన్నతనం ఇచ్చిన వరమేమీ కాదు, సాధన తక్కువ. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

ఆయన మళ్లీ గీయడానికి నా ఉపన్యాసం పనికి రాలేదు, సైటు డ్రాయింగు పనికి వచ్చింది. ఒకరోజు స్లాబు డ్రాయింగు పట్టుకుని పిల్లర్ల వరస చూపిస్తూ నన్ను పిలిచాడు. "ఇగో, గీ ఒకటో పిల్లరు, గదిగో పన్నెండో పిల్లరు. అది దూరముంది గద, మరి చిన్నగ ఎందుకు గియ్యలేదు?" అన్నాడు. నిజమే. ప్లానులో ఎంత దూరాన ఉన్న పిల్లరైనా దాని అసలు కొలతే ఉంటుంది. చిన్నగా గీస్తే మనం దాన్ని చూసి పలక కోయలేం. ఇంజనీరు గీసేది కంటికి కనిపించేట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు తెలిసేట్టు. "మరి గాయిన గూడ పటం గీసినట్టె గీసిండు" అని అన్న నవ్విన నవ్వు చాలా నెలల తర్వాత చూశాను. ఆ సాయంత్రం కార్టన్ చింపిన చప్పుడు వినిపించింది.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ పోయిన నెల ఇంకో బొమ్మ వచ్చింది, అది అన్న గీసింది కాదు.

ఆయనకు తొమ్మిదేళ్ల కూతురు. బడిలో నా కుటుంబం అని బొమ్మ గీసుకురమ్మన్నారట. గీసి, వాళ్లమ్మ ఫోనులోంచి పంపింది. అన్న ఆ ఫోను నా చేతికిచ్చి పక్కకు చూస్తూ నిలబడ్డాడు. బొమ్మలో ఇల్లు, వాకిట్లో ముగ్గు, అమ్మ, నానమ్మ, మేక. మేక కళ్లు పెద్దవి, అవి ఎక్కడివో చెప్పనక్కర్లేదు, ఈయన పంపిన బొమ్మలు చూసే పెరిగింది కదా. అందరూ నేల మీద నిలబడి ఉన్నారు. పైన మూలకు చిన్న గడి ఒకటి. ఆ గడిలో నెత్తిన హెల్మెట్ పెట్టుకున్న ముఖం. మెడ వరకే ఉంది. చేతులు లేవు, కాళ్లు లేవు. పక్కన నాన్న అని రాసింది.

పిల్ల అబద్ధం గీయలేదు. తనకు తెలిసిందే గీసింది. ఫోనులో నాన్న అంతే ఉంటాడు. రెండేళ్లకొకసారి రెండు నెలలు వచ్చిపోయే మనిషి కాళ్లు ఆ పిల్లకు ఎంత గుర్తుంటాయి? రేపు పెద్దయ్యాక కూడా నాన్న అంటే గడిలోనే గీస్తదా అని అన్న ఒక్కసారి అడిగాడు. మళ్లీ అడగలేదు.

రెండు శుక్రవారాలు కూర్చున్నాడు. ఈసారి వరసలు లేవు, క్రేను లేదు. ఫ్రిజ్ వచ్చిన పెద్ద కార్టన్ విప్పి, మూడడుగుల అట్ట మీద తన బొమ్మ తనే గీసుకున్నాడు. మడమ దగ్గర మొదలుపెట్టాడు. సేఫ్టీ బూట్లు, లేసు ముడితో సహా. చేతులు దాచలేదు. మూడుసార్లు చెరిపి, నా చేతులు ముందు పెట్టించుకుని చూస్తూ వేళ్లు గీశాడు. ఎడమ చేతి వేళ్లు ఇంకా వంకరగానే ఉన్నాయి. చుట్టూ గడి గీయలేదు, ఎప్పుడూ వేసే పూల అంచు కూడా వేయలేదు. ఫోటో తీసి పంపుదామా అంటే వద్దన్నాడు. "మల్ల ఫోన్లనే పడ్తది గద" అన్నాడు.

జగిత్యాల తమ్ముడొకడు వచ్చే గురువారం సెలవు మీద పోతున్నాడు. అట్ట మడత పెడితే కాళ్ల దగ్గర విరుగుతుందని, చుట్టగా చుడితే పగులుతుందని రెండు రోజులు చర్చ జరిగింది. చివరికి రెండు ప్లైవుడ్ రేకుల మధ్య పెట్టి తాడుతో కట్టాడు. తూచితే నాలుగు కిలోలయింది. ఆ తమ్ముడు తన సామానులోంచి పాలపొడి డబ్బాలు రెండు తీసి పక్కన పెట్టాడు.